రాణి చీమ నడిచివచ్చిన రోజు

ఈ పని ఎలాంటిదంటే

ఫిజీలో లౌటోకా పక్కన మా వ్యవసాయ స్టేషన్లో పురుగుల గదికి కొత్తగా చేరిన వాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు లోవు ఊళ్ళో మా ఇంటికి వస్తుంటారు. చాప పరిచి, యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపి ఇస్తే తలా రెండు చిప్పలు తాగి, "తాతా, నువ్వు పట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్ప పురుగేది?" అని అడుగుతారు. చీమ అంటాను. వాళ్ళ మొహాలు వాడిపోతాయి. కొమ్ముల పురుగో, అరచేయంత సీతాకోకచిలుకో చెబుతాననుకుని వస్తారు పాపం. అందుకే ఇదంతా రాయడానికి కూర్చున్నాను. నాకొచ్చింది వీధి బడిలో నేర్చుకున్న తెలుగే. ఇక్కడ అది చదవగలిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. మా మనవరాలు చదివి వాళ్ళకి హిందీలో చెబుతానంది. చెబుతుందో, మధ్యలో కోతలు కోస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ముందే చెబుతున్నాను, ఈ పనిలో సగం మెడనొప్పి, మిగతా సగం స్పిరిట్ వాసన. చీమని నోటితో పీల్చే గొట్టంతో పట్టాలి. గొట్టానికి గుడ్డ సరిగ్గా కట్టకపోతే చీమ గొంతులోకి పోతుంది, అక్కడ కుడుతుంది కూడా. పట్టిన చీమని స్పిరిట్ సీసాలో వేసి, ఎక్కడ దొరికిందో చీటీ రాసి సీసా లోపలే వెయ్యాలి. పెన్సిలుతో రాయాలి, సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఇంటికెళ్ళాక రాద్దాంలే అనుకున్నవాడు ఈ పనికి పనికిరాడు. ఊరు తెలియని చీమ ఎంత అందమైనదైనా చెత్తతో సమానం. తరవాత దాన్ని కాగితపు ముక్క కొసన జిగురుతో నిలబెట్టాలి. జిగురు ఒక్క చుక్క ఎక్కువైతే కాళ్ళు మునిగిపోతాయి. ఈ మూడూ నేర్చుకోవడానికి నాకు చాలా చీమలు బలయ్యాయి. మీకూ అవుతాయి, సిగ్గుపడకండి.

చెట్టెక్కేవాడు కావాలి

నేను గిర్మిట్ మీద, అంటే కూలీ ఒప్పందం మీద వచ్చినవాణ్ణి. విశాఖపట్నం వైపు మాది తాళ్ళు గీసే ఇల్లు. మోకు నడుముకి బిగించి తాటిచెట్టు ఎక్కడం నాకు నడక తరవాత నేర్చుకున్న మొదటి విద్య. ఇక్కడ సింగటోకా నది ఎగువన ఒక చెరుకు ఎస్టేట్లో పడ్డాను. అక్కడ తాళ్ళూ లేవు, మోకూ లేదు. తెల్లారకుండానే సర్దార్, అంటే కూలీల మేస్త్రీ, లైన్లోకొచ్చి తలుపులు బాదేవాడు. లైనంటే కూలీలకి కట్టిన రేకుల గదుల వరస. రోజుకింత అని కొలిచి ఇచ్చిన టాస్కు పూర్తి కాకపోతే జీతం కోత, మరీ తగ్గితే కోర్టు. కోర్టుకెళ్తే జరిమానా, దాని మీద గిర్మిట్ పొడిగింపు. చెరుకు ఆకు కోసిన చేతులతో అన్నం కలుపుకుంటుంటే ఉప్పు మంటెత్తేది. ఆ మంట ఎలాంటిదో ఇప్పటి పిల్లలకి తెలియదు, తెలియకపోవడమే మంచిది.

ఆ లైన్లో నాకున్న దిక్కు పైడమ్మ. ఒకే ఓడలో వచ్చిన వాళ్ళని జహాజీలంటారు. తోడబుట్టినవాళ్ళకన్నా ఆ వరస గట్టిది. పైడమ్మ నాకన్నా పదేళ్ళు పెద్ద, మొగుడు పోయిన మనిషి, ఈ దీవిలో తనవాళ్ళంటూ ఎవరూ లేరు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను ఒరే అనేది. మనిషి ఎండు మిరపకాయ. ఒకసారి జ్వరంలో టాస్కు తప్పినందుకు ఆమెని కోర్టుకి పంపారు, గిర్మిట్ పెంచారు. ఇంకోసారి కోర్టు మెట్లెక్కితే ఎంత పెరుగుతుందో అని లైన్లో అందరికీ భయమే.

అలాంటి రోజుల్లో ఎస్టేటుకి ఒక దొర వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, చొక్కా జేబుల నిండా సీసాలు. దీవుల్లో చీమల్ని చూడ్డానికి సముద్రం దాటి వచ్చాడంటే లైన్లో ఎవరూ నమ్మలేదు. చీమల కోసం ఓడెక్కేవాడు ఉంటాడా, బంగారం కోసమే అయివుంటుందని రెండు రోజులు అదే చర్చ. చీమల దొర అని పేరు పెట్టేశారు. ఆయనకి చెట్లెక్కగలిగేవాడు కావాలన్నాడు. కులంబర్, అంటే మా మీది తెల్ల ఓవర్సీరు, నన్ను చూపించాడు. అంతే, చెరుకు కత్తి దించి చెట్టెక్కాను.

దొర వెతికేది ఒకే ఒక్క చీమని. ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో ఆ లోయలో రాలిన ఆకు మీద ఒక చచ్చిన చీమని ఏరి ఆయన ఊరికి పంపారట. కాళ్ళు విరిగి, తల సగం పోయినది. అలాంటిది ఆయనకి తెలిసిన ఏ దేశంలోనూ లేదు. మళ్ళీ ఎవరికీ దొరకలేదు. ఒక్క విరిగిన చీమని చూసి దాని జాతికి పేరు పెడితే అది సగం పనేననేవాడు. పని చీమలు కావాలి, గూడు కావాలి, అన్నిటికన్నా రాణి కావాలి. రాణిని చూస్తేగాని అది ఏ కుటుంబానికి దగ్గరో తేలదు.

ఒకరోజు చెట్టు కింద కూర్చుని ఆయన నాకు తన ముక్కల హిందీలో ఒక మాట చెప్పాడు. లౌటోకా వైపు స్టేషన్లో పురుగుల పనికి మనిషి కావాలట. రాణి దొరికితే, ఇతనే పట్టాడని చూపించి, నా మిగిలిన గిర్మిట్ అక్కడికి మార్చమని మేనేజర్ని అడుగుతానన్నాడు. దొరక్కపోతే ఏం చూపించి అడగను అన్నాడు. దొర ఓడ ఎక్కే రోజు దగ్గరపడుతోంది. ఆ రాత్రి పైడమ్మకి ఈ సంగతి చెప్పాను. ఆమె అన్నం వండుతూ, పొయ్యి వైపే చూస్తూ, దేవుడున్నాడులే అంది.

చచ్చినట్టు పడుకునే చీమ

నేలమీద వెతికినంత కాలం మాకు ఏమీ దొరకలేదు. కారణం సులువైనదే. ఆ చీమ నేలమీద ఉండదు. ఎత్తైన చెట్ల మీద ఎండిన కొమ్మల్లో పురుగులు తొలిచి వదిలేసిన సన్నని కంతల్లో ఉంటుంది. ఒక కొమ్మ విరిచి కింద పరిచిన గుడ్డ మీద దులిపితే పొట్టులాంటిదేదో రాలింది. నేను విదిలించెయ్యబోయాను. దొర నా మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆ పొట్టులో ఒక రవ్వ కాళ్ళు చాచింది, మీసాలు సవరించుకుంది, నడవడం మొదలెట్టింది. తాకితే చాలు ముడుచుకుని రాలిపోవడం, చచ్చినట్టు పడి ఉండటం, అదీ దాని బతుకుతెరువు. ఇన్నేళ్ళూ ఎవరికీ దొరక్కపోవడానికి అదే కారణం.

దొర గుడ్డ మీదే పడుకుని నవ్వాడు. పెద్దమనిషి అలా నవ్వడం నేను అదే చూడటం. భూతద్దం నా చేతికిచ్చాడు. బెల్లం రంగు ఒళ్ళు. తలనిండా దువ్వినట్టు సన్నని గీతలు. వీపు వెనక రెండు ముళ్ళు. సన్నని నడుం మీద రెండు ముడులు. మా ఇంట్లో పంచదార డబ్బాకి పట్టే చీమలు తప్ప చీమంటే వేరే ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆ భూతద్దం ఇచ్చిన చేతికి నేను ఇవాళ్టికీ దణ్ణం పెడతాను.

అయితే రాణి దొరకలేదు. రెండు కొమ్మలు చీల్చాం. చీల్చేసరికి అన్నీ ముడుచుకుని చెక్కపొట్టులో కలిసిపోయేవి. పని చీమలు కొన్ని దొరికేవి, రాణి గొడ్డలి దెబ్బకి నలిగిందో, అసలు అందులో లేదో తెలిసేది కాదు. చెట్టు మీద మూడో కొమ్మని మాత్రం చీల్చకుండా రంపంతో మెల్లిగా కోసి దించాం. లౌటోకా వెళ్ళి అద్దం మూత ఉన్న పెట్టె తెస్తానని, అందులో పెట్టి నెమ్మదిగా విప్పుదామని దొర అన్నాడు. దొర అందాకా బంగళాలో దాచమన్నాడు. ఇంట్లో చీమలేమిటని కులంబర్ భార్య ఒప్పుకోలేదు. దాంతో ఆ కొమ్మ లైన్లో నా గదికి వచ్చింది. వెదురు రాట కానించి నిలబెట్టాం. తిండికోసం బయటికి రావాలి గనక ఒక కంత తెరిచే ఉంచాం, దాని ముందు కాస్త పంచదార నీళ్ళు. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి దొర వెళ్ళాడు.

ఆయుధ పూజ

దొర లౌటోకాలో ఉండగా దసరా వచ్చింది. ఎస్టేట్లో దసరాకి సెలవేమీ లేదు. ఆదివారం పడింది కాబట్టి మాకు కలిసొచ్చింది. మనవాళ్ళు కత్తులూ పారలూ కడిగి వరసగా గోడకి ఆనించారు. ఏటవతలి కోరోలో, అంటే ఫిజీవాళ్ళ ఊళ్ళో, రెరెగా అని పసుపు దుంపలు పండిస్తారు. ఆడవాళ్ళు వాటిని తెచ్చి రాతిమీద నూరారు. పచ్చి పసుపు, చెయ్యి పెడితే గోళ్ళు నెల్లాళ్ళు పచ్చగా ఉంటాయి. కత్తులకి పసుపు రాసి బొట్టు పెట్టారు. మనల్ని రోజూ ఏడిపించే కత్తికే దణ్ణం పెట్టడం వింతే. కానీ దాని మీదే కదా అన్నం.

నేను పొద్దున్నే కొమ్మకి తడి తగలాలని నాచు తేవడానికి అడవికి పోయాను. నాకు కత్తి లేదు. నా పేరున పూజ తప్పిపోతుందని పైడమ్మ బాధపడింది. మా వాడి పనిముట్టు ఏది అని చుట్టూ చూసింది. గదిలో కొమ్మ కనిపించింది. దాని వల్లే కదా తమ్ముడు చెరుకులోంచి బయటపడేది. అరచేతినిండా పసుపు ముద్ద తీసుకుని, కింది నుంచి పై దాకా ఎక్కడా ఖాళీ లేకుండా పూసింది. కంతకి సరిగ్గా పైన కుంకుమ బొట్టు పెట్టింది. మన అందరి ఇళ్ళలోనూ చీమలు రాకుండా డబ్బా చుట్టూ పసుపు గీత గీస్తారు. ఆ సంగతి పైడమ్మకి తెలియక కాదు. పండగపూట పసుపు మంగళం. చీమల మందని ఏ ఆడది అనుకుంటుంది? నేనే ఉన్నా అడ్డు చెప్పేవాణ్ణి కాదు, పైగా హారతి పట్టేవాణ్ణి.

మధ్యాహ్నం నేను నాచు మూటతో లైన్లోకి వచ్చేసరికి నా గది ముందు దొర గుర్రం ఉంది. లోపల దొర, సర్దార్, గుమ్మంలో జనం. దొర అద్దం పెట్టె కింద పెట్టి, పచ్చగా మెరిసిపోతున్న కొమ్మని చూస్తూ నిలబడ్డాడు. వేలితో తట్టాడు. గుడ్డ పరిచి దులిపాడు. ఒక్కటి రాలలేదు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది, అదే వినిపించలేదు.

పైడమ్మ మాట

దొర కోపం తెచ్చుకుని అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. ఎవరు చేశారు అని మాత్రం అడిగాడు. సర్దార్ అందుకున్నాడు. వీడు దొరవారి సామాను పాడుచేశాడని, మంత్రాలు వేశాడని, రేపే చెరుకు గ్యాంగులోకి పంపి కోర్టులో పెట్టాలని గడగడా చెప్పేశాడు. ఇది పైడమ్మ పనేనని నాకు చూడగానే తెలిసింది. నేను చేయలేదు అంటే ఎవరు చేశారో చెప్పాలి. చెబితే పైడమ్మ కోర్టుకి పోతుంది. చెప్పకపోతే నా బతుకు చెరుకులోనే. నాచు మూట గుండెకి పట్టుకుని నిలబడిపోయాను.

జనాన్ని తోసుకుని పైడమ్మ లోపలికొచ్చింది. చేతులు మోచేతుల దాకా పచ్చగానే ఉన్నాయి. దొరకి తెలుగు రాదని కూడా చూడలేదు.

"పసుపెట్టింది నాను బాబూ. ఆడు లైన్లోనే లేడు. కోర్టుకి పంపితే నన్ను పంపండి, ఆడి పని మాత్రం తియ్యొద్దు."

ఆ మాట సర్దార్ దొరకి తిప్పి చెప్పడానికి ఇష్టపడలేదు. నేనే హిందీలో చెప్పాను. దొర ఆమె చేతులు చూశాడు, కొమ్మ చూశాడు. పసుపు వేలికి రాసుకుని వాసన చూశాడు. ఎప్పుడు పూశావని అడిగాడు. పొద్దున అంది.

అంతే, ఆ మనిషి టోపీ విసిరేసి మట్టి నేలమీద బోర్లా పడుకున్నాడు. చీమలు మాయమవవు, నడిచి వెళ్తాయి, అదీ పిల్లల్ని మోసుకుంటూ వెళ్తాయి, కాబట్టి ఇంకా దారిలోనే ఉంటాయి అన్నాడు. ముప్పై ఏళ్ళు చీమల వెంట తిరిగినవాడి బుర్ర అలా పనిచేసింది. రాట వెనక గోడ వైపు సందులో తల దూర్చి, కాసేపటికి నన్ను చెయ్యూపి పిలిచాడు.

రాట వెనక దారంలా ఒక వరస పైకి పోతోంది. ఒక్కో చీమ నోట్లో బియ్యపు నూకలాంటి తెల్లని పిల్ల. పసుపు ఘాటుకి కొమ్మ ఖాళీ చేసి, రాట మీది వెదురు కన్నంలోకి కాపురం మారుస్తున్నాయి. తాకినవాళ్ళు లేరు కాబట్టి ఏదీ ముడుచుకోలేదు. దొరా నేనూ తలా ఒక పక్క పడుకుని చూస్తున్నాం. వరస మధ్యలో ఒక చోట చీమలు గుంపుగా వచ్చాయి. వాటి నడుమ ఒకటి మిగతావాటికి రెండింతలుంది. పెద్ద వీపు, దానిమీద రెక్కలు రాలిన మచ్చలు, బరువైన పొట్ట. కొత్త కోడలిలా మెల్లిగా నడుస్తోంది. రెండు కొమ్మలు గొడ్డలితో చీల్చినా దొరకని రాణి తనంతట తానే నడిచి బయటికొచ్చింది.

దొర కుంచె కొస తడిపి ఆమెని సీసాలోకి ఎత్తాడు. లేచి మోకాళ్ళ మట్టి దులుపుకోకుండానే పైడమ్మ ముందుకెళ్ళి తల వంచాడు. తెల్లదొర కూలీ ఆడదాని ముందు తల వంచడం సింగటోకా లోయలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. పైడమ్మ కంగారుపడి నా వెనక్కి వచ్చి నిలబడింది. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు కదా, కదలనైనా కదలదులే అని నా చెవిలో గొణిగింది. సర్దార్ అప్పటికే వెళ్ళిపోయాడు.

వర్ణించడమంటే

మిగిలిన రోజులు దొర బంగళా వరండాలో కూర్చుని రాశాడు, నేను పక్కన కూర్చుని చీమల్ని కాగితం కొసలకి అతికించాను. మీరంతా నేర్చుకోవాల్సింది నేను అక్కడే నేర్చుకున్నాను. చిన్నది, ఎర్రది, అందమైనది అంటే వర్ణన కాదు. పక్కన దాని చుట్టాన్ని పెట్టి తేడా ఎక్కడో చెప్పాలి. ముళ్ళు పొడుగా పొట్టా, గీతలు తల వెనక దాకా పోతాయా మధ్యలో ఆగుతాయా, నడుం ముడి ముందునుంచి గుండ్రమా పలకా. దొర ఒక్కో మాట రాసి, కొట్టేసి, మళ్ళీ చీమని చూసి రాసేవాడు. తెలియని చోట తెలియదని రాసేవాడు. మగ చీమ మాకు దొరకలేదు. దొరకలేదనే రాశాడు.

పేరు ఆ లోయ మీద పెట్టాడు. పైడమ్మ పేరు పెడితే బాగుండునని నా మనసులో గట్టిగా ఉండేది. అడగలేదు. అడిగే నోరు గిర్మిట్ మనిషికి ఎక్కడిది? అయినా ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. మాట ఇచ్చినట్టే మేనేజర్ దగ్గరికి వెళ్ళాడు. నేను బతిమాలగా పైడమ్మని కూడా పంపమని అడిగాడు. మేనేజర్ ఒక్కరినే ఇస్తానన్నాడు, చెట్టెక్కేవాణ్ణి ఇస్తానన్నాడు. కోర్టు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. దొర ఎత్తనివ్వలేదు.

తరవాతి దొర

స్టేషన్లో నా పైవాడు ఇంకో రకం మనిషి. కొత్త జాతి కనిపెట్టాలని ఆయనకి మహా ఆత్రం. ఒకసారి పెద్ద తల చీమ ఒకటి, చిన్న తల చీమ ఒకటి తెచ్చి రెండూ వేర్వేరు కొత్త జాతులని పేర్లు కూడా సిద్ధం చేసుకున్నాడు. రెండూ ఒకే గూడులోవి, ఒక తల్లి పిల్లలే. అద్దం పెట్టెలో గూడు పెంచి చూశాక ఆయనకే తెలిసింది. ఆ రోజు మమ్మల్నందరినీ పిలిచి తన పొరపాటు తానే చెప్పి నవ్వాడు. పైవాళ్ళలో అలాంటివాళ్ళు తక్కువ. దొరికితే వదలకండి. ఆయన దగ్గర నేను చాలా ఏళ్ళు హాయిగా పనిచేశాను. గుళ్ళో కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా ఇద్దరు దొరల పేర్లూ మనసులో అనుకుంటాను.

బండి

పైడమ్మ గిర్మిట్ నా తరవాత ఇంకా నడిచింది. వీలైన ఆదివారమల్లా సింగటోకా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. చేతులు గరుకెక్కి, నడుం కాస్త వంగింది. స్టేషన్లో నా నీడపట్టు పని గురించి చెప్పడానికి నాకు సిగ్గేసేది. ఆమే అడిగి అడిగి చెప్పించుకునేది. చీమల బొమ్మ అచ్చులో వచ్చాక పట్టుకెళ్ళి చూపించాను. రాణి బొమ్మని ఎగాదిగా చూసి, ఇంత నాజూకుదాన్నా నేను ఇల్లు ఖాళీ చేయించాను, పాపం తగులుతుంది కదరా అంది.

ఆమె గిర్మిట్ తీరిన కాగితం చేతికొచ్చిన రోజు ఎద్దుబండి కట్టుకుని వెళ్ళాను. లోవులో మా ఇంటి పక్కన ఆమెకొక గుడిసె వేయించి ఉంచాను. ఒక ట్రంకు పెట్టె, ఒక గిన్నె, ఒక చాప, అంతే సామాను. బండెక్కి వెనక్కి చూడలేదు. ఎస్టేటు చెరుకు దాటాక నేను ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మాట బయటపెట్టాను. తోబుట్టువులకి ఇలాంటి మాటలు చెప్పుకునే అలవాటు మనకి లేదు, అందుకే ముందుకే చూస్తూ చెప్పాను.

"అక్కా, ఆ రోజు నువ్వు నోరు విప్పకపోతే నేనూ ఇన్నాళ్ళూ చెరుకులోనే ఉండేవాణ్ణి."

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాను ఎలాగూ చెరుకులోనే ఉన్నాను కదరా. నువ్వైనా బయటపడ్డావని తలుసుకుని రోజూ నవ్వుకుంటూ నరికాను."

పగ్గాలు నా చేతుల్లోనే ఉన్నాయి గాని నాకు దారి కనిపించలేదు. ఎద్దులే ఇంటికి తీసుకొచ్చాయి.